రెండంగుళాల తేనెమైనం కొవ్వొత్తికి ఏ వత్తి వేయాలి?

పొద్దుతిరుగుడు, ప్రొద్దుటూరు – సెప్టెంబరు 9

అందరికీ నమస్తే. తేనెమైనంతో కొవ్వొత్తులు పోసిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. పొడుగ్గానే రాస్తున్నాను. సగం చెప్తే సగం జవాబే వస్తుంది కదా.

మా తమ్ముడు మైదుకూరు వైపు పొద్దుతిరుగుడు చేల పక్కన తేనెపెట్టెలు పెట్టుకుంటాడు. తేనె తీసేముందు అరల మీద మూతలు కోస్తారు, ఆ మూతల మైనం అంతా ఓ పక్కన పోగవుతుంది. ఇన్నేళ్లూ ఎవరో వచ్చి కిలోల లెక్కన తూకం వేసుకుని పోయేవాళ్లు. ఈసారి నేనే పోనివ్వలేదు. నాలుగు కిలోలు నా దగ్గర పెట్టుకున్నాను.

కారణం చెప్తాను. నవంబరు 2న మాకు సమాధుల పండుగ. మా అమ్మ ప్రతి ఏడూ మా నాయన సమాధి మీద కొవ్వొత్తులు వెలిగించేది. అంగట్లో కొన్న సన్నవి, నాలుగో ఐదో. మేము ప్రార్థన ముగించి గేటు దాకా వచ్చేసరికే రెండు ఆరిపోయేవి. "ఒక్కటన్నా తెల్లారేదాకా నిలబడితే బాగుండు" అనేది అమ్మ, వెనక్కి తిరిగి చూసుకుంటూ. పోయిన ఏడు అక్టోబరులో అమ్మ కూడా వెళ్లిపోయింది. ఈ పండుగకు ఇద్దరి సమాధుల మీదా రెండేసి కొవ్వొత్తులు తెల్లవార్లూ వెలగాలి, అవి మా తమ్ముడి పెట్టెల మైనంతోనే పోయాలి. ఇదే నా పట్టుదల.

అచ్చు ఇలా చేసుకున్నాను. రెండంగుళాల ప్లాస్టిక్ నీళ్ల పైపును ఆరంగుళాల ముక్కలుగా కోయించి, నిలువునా ఒక గాటు పెట్టించాను. పోసేటప్పుడు రబ్బరు బ్యాండ్లు బిగిస్తాను, గడ్డకట్టాక అవి తీసేస్తే పైపు విచ్చుకుని కొవ్వొత్తి బయటికొస్తుంది. అడుగున బంకమన్ను. పైన అగరుబత్తి పుల్లకు దారం కట్టి నిలబెడతాను. ఒక్కోదానికి దాదాపు 300 గ్రాముల మైనం పడుతోంది. పోత బాగానే వస్తోంది. చూస్తే బంగారంలా ఉంటుంది, ఇల్లంతా తేనె వాసన. వెలిగిస్తేనే ఏడుపొస్తోంది.

మొదటిదానికి అంగట్లో కొవ్వొత్తుల దారం అని ఇచ్చింది వేశాను. సన్న పారఫిన్ (పెట్రోలియం మైనం) కొవ్వొత్తులకు వేసే దారం అది. మంట శనగగింజంత లేచింది. 40 నిమిషాల్లో చుట్టూ సన్నటి బావిలాగా పడి, అందులో మైనం నిండి, మంట మునిగి ఆరిపోయింది. రెండోదానికి అదే దారం మూడు పేటలు కలిపి పురిపెట్టి వేశాను. ఈసారి మంట రెండంగుళాలు లేచింది. నల్లటి పొగ, కొసన పుట్టగొడుగులాగా బొగ్గు ముద్ద, గంటన్నరలో ఒక పక్క గోడ కరిగి మైనమంతా బల్ల మీదికి కారింది. మూడోసారి పక్కింటి వదినను అడిగి దీపారాధన వత్తులు తెచ్చి వేశాను. పది నిమిషాలు ఎంత చక్కగా వెలిగిందో! ఆ తర్వాత వత్తి మెత్తబడి మైనంలోకి వాలిపోయింది.

సన్నదైతే మునిగిపోతుంది, లావుదైతే పొగ. మధ్యది ఏది? దాన్ని ఏమని అడగాలి? ఇంకా ఏడు వారాలే ఉంది. మైనం వృథా అవుతోందని టెన్షన్‌గా ఉంది.

---

జాడీదీపం, అనంతపురం – సెప్టెంబరు 9

అక్కా, ముందుగా ఒక మాట. ఆ మూడు కొవ్వొత్తుల మైనం వృథా కాలేదు. మసి పట్టిన ముక్కలు గీకేసి మళ్లీ కరిగించుకోవచ్చు. నేను అనంతపురంలో ఇంట్లోనే గాజు జాడీల్లో పోసి అమ్ముతాను, మొదట్లో ఒకే మైనాన్ని నాలుగుసార్లు కరిగించిన రోజులు ఉన్నాయి.

తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగాక కూడా చిక్కగా ఉంటుంది, దారం గుండా మెల్లగా పైకి పాకుతుంది. అందుకే పారఫిన్‌కు సరిపోయే దారం దీనికి చాలదు. మీరు అడగాల్సినది చదరపు అల్లిక నూలు వత్తి. పక్క నుంచి చూస్తే నాలుగు పలకలుగా, గట్టిగా అల్లి ఉంటుంది. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. లోపల లోహపు తీగ ఉన్నవి మీకు అవసరం లేదు.

నంబర్ల దగ్గర అందరూ పొరబడతారు, నేనూ పొరబడ్డాను. 1, 2, 3 అని ఉంటే నంబరు పెరిగేకొద్దీ వత్తి లావు. కానీ 1/0, 2/0, 3/0 అని ఉంటే తిరగబడుతుంది, 3/0 అన్నది 1/0 కంటే సన్నం. రెండంగుళాలకు 1, 2 నంబర్లు రెండూ కొద్దికొద్దిగా తెప్పించి చూడండి. ఒక్కో తయారీదారు నంబరు ఒక్కో లావు ఉంటుంది కాబట్టి పరీక్షించకుండా పెద్ద కట్ట కొనవద్దు.

ఇంకొకటి, వత్తిని అచ్చులో పెట్టేముందు కరిగిన మైనంలో ముంచండి. సన్నటి బుడగలు వస్తాయి. బుడగలు ఆగేదాకా ఉంచి, తీసి, రెండు చేతులా లాగి నిటారుగా ఆరబెట్టండి. దారంలో గాలి మిగిలితే మొదట్లోనే మంట తడబడుతుంది.

---

పొద్దుతిరుగుడు, ప్రొద్దుటూరు – సెప్టెంబరు 10

చాలా థాంక్స్ చెల్లీ. మైనంలో ముంచాలన్న సంగతే నాకు తెలీదు, పొడి దారమే పెట్టాను. మీరు చెప్పిన రెండు నంబర్లకూ ఆర్డర్ పెట్టాను, రావడానికి రెండు వారాలు అంటున్నారు. ఈలోపల ఇక్కడ దొరికే నూలుతో నేనే అల్లుకుంటే కుదరదా? నాకు జడ అల్లడం తప్ప వేరే అల్లిక రాదు.

---

మగ్గం ఇల్లు, ఎమ్మిగనూరు – సెప్టెంబరు 11

అమ్మా, జడ అల్లడం వస్తే సగం పని వచ్చినట్టే. మాది మగ్గం ఇల్లు. మా నాయన, నేను కలిసి దుప్పట్లు, తువ్వాళ్లు నేసినవాళ్లం. పన్నెండేళ్లుగా మా ఊరి చర్చికి తేనెమైనం కొవ్వొత్తులు నేనే పోసి ఇస్తున్నాను. నాకు మైనం కన్నా నూలు బాగా తెలుసు, కాబట్టి నూలు గురించే చెప్తాను.

మొదట, మంటలో కాలేది దారం కాదు. మంట వేడికి మైనం కరుగుతుంది, కరిగినది పోగుల సందుల్లోంచి పైకి ఎక్కుతుంది, కొసకు వచ్చాక ఆవిరవుతుంది. ఆ ఆవిరే మండుతుంది. దారం మైనాన్ని మోసే మనిషి లాంటిది. మోసేది తక్కువైతే మంట ఆకలితో చిన్నదవుతుంది, ఎక్కువైతే మండలేక పొగ అవుతుంది. నీ మొదటి రెండు కొవ్వొత్తులూ ఇవే.

నీ మూడోదాని సంగతి వేరు. దీపారాధన వత్తిని నూనె ప్రమిదకు చేస్తారు. అక్కడ నూనె ఎప్పుడూ పల్చగానే ఉంటుంది, వత్తి ప్రమిద అంచుకు ఆనుకుని పడుకుంటుంది. దానికి నిలబడే బలం అక్కరలేదు. కొవ్వొత్తిలో ఆనుకోవడానికి ఏమీ లేదు. తన కాళ్ల మీద తానే నిలబడాలి.

ఇక పురికీ అల్లికకూ ఉన్న తేడా. పురిపెట్టిన దారం కాలుతూ కాలుతూ నిటారుగానే ఉంటుంది. కొస మంట నడిమధ్య ఉండిపోతుంది, అక్కడ గాలి తగలదు, కాలి బూడిద కాదు, బొగ్గు ముద్ద కడుతుంది. పూర్వం కొవ్వొత్తుల కొసలు పదేపదే కత్తిరిస్తూ కూర్చునేది అందుకే. 1825లో ఫ్రాన్సులో కాంబాసెరెస్ అనే ఆయన అల్లిన వత్తి పట్టుకొచ్చాడు. అల్లిన వత్తి కాలుతున్నప్పుడు ఒక పక్కకు వంగుతుంది. వంగిన కొస మంట అంచుకు వస్తుంది, అక్కడ గాలి తగిలి పూర్తిగా కాలిపోతుంది. తన కొస తానే కత్తిరించుకున్నట్టు. నూలు పని చేసినవాడిగా నాకు ఈ సంగతి ఎప్పుడు తలచుకున్నా సంతోషం కలుగుతుంది. మైనాన్ని మార్చలేదు, మంటను మార్చలేదు, పోగులు కలిపే తీరు మార్చాడు, అంతే.

నువ్వు అల్లే మూడు పాయల జడ బల్లపరుపు అల్లిక అవుతుంది. చదరపు అల్లిక అంత గట్టిగా నిలబడదు కానీ బాగా అల్లితే రెండంగుళాలకు పనికొస్తుంది.

నూలు ఎంచుకోవడం అసలు పని. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల మగ్గాలు ఉన్నాయి కదా, అక్కడికి వెళ్లి పేక నూలు (బట్టలో అడ్డంగా నేసే పోగు) అడుగు. పడుగు నూలు (నిలువు పోగు) తీసుకోవద్దు. పడుగు పోగులు తెగకుండా గంజి పెడతారు. ఆ గంజి వత్తిలో ఉంటే మైనం ఎక్కదు, కొస మాడిపోతుంది. పేకకు గంజి ఉండదు. రంగు వేయనిది, మెరుపు పట్టించనిది కావాలి. మిషను కుట్టు దారం, ఎంబ్రాయిడరీ దారం వద్దు. పాలియెస్టర్ కలిసిందేమోనని అనుమానం వస్తే ఒక పోగు కాల్చి చూడు. నూలు అయితే కాగితం కాలిన వాసన, వేలితో నలిపితే పొడి అయ్యే బూడిద. కలిసింది అయితే కొసన గట్టి పూసలాగా కడుతుంది.

దుప్పట్లకు వాడే 10 కౌంటు నూలు దొరికితే నీ పని సులువు. కౌంటు తగ్గేకొద్దీ పోగు లావు, అది గుర్తుపెట్టుకో. పాయకు 8 పోగులు, మూడు పాయలకు 24. ఇది ఒకటి. పాయకు 10 చొప్పున 30 పోగులది రెండోది. పాయకు 12 చొప్పున 36 పోగులది మూడోది. ఈ మూడూ అల్లు. నా చేతికి సరిపోయిన లెక్క నీ మైనానికి సరిపోతుందని చెప్పలేను, అందుకే మూడు. అల్లేటప్పుడు బిగువు మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి. ఒక చోట వదులు, ఒక చోట బిగువు అయితే మంట కూడా ఒక గంట పెద్దది, ఒక గంట చిన్నది అవుతుంది. అల్లడం మొదలుపెట్టిన కొసకు ముడి వేసి, అన్ని కొవ్వొత్తుల్లోనూ ఆ కొసనే పైకి ఉంచు. ఒకటి ఇటు, ఒకటి అటు ఉంటే ఏది ఎందుకు ఎలా వెలిగిందో తెలియదు.

అల్లాక వెలిగారం (బోరాక్స్) నీళ్లలో నానబెట్టాలి. మీ ఊరు బంగారం ఊరు, కంసాలి సామాన్లు అమ్మే ఏ అంగట్లో అడిగినా వెలిగారం ఇస్తారు. గ్లాసున్నర వేడినీళ్లలో రెండు పెద్ద చెంచాల వెలిగారం, ఒక పెద్ద చెంచా ఉప్పు కరిగించి, వత్తులు రాత్రంతా ఉంచి, రెండు రోజులు నీడన పూర్తిగా ఆరనివ్వు. తడి మిగలకూడదు. వెలిగారం పట్టిన దారం తొందరపడి కాలిపోదు, ఆర్పాక కొసన నిప్పు రగులుతూ ఉండదు. ఇంట్లో పిల్లలుంటే ఆ నీళ్లు అందకుండా చూడు, కడుపులోకి పోతే మంచిది కాదు.

ఆ తర్వాత చెల్లెలు చెప్పినట్టు మైనంలో ముంచు. వెలిగించే ముందు కొస పావు అంగుళం ఉంచి మిగతాది కత్తిరించు.

ఒక సందేహం. తెల్లవార్లూ ఆపకుండా వెలగాలి అన్నావు. ఇంట్లో అయితే ఇంత లావు కొవ్వొత్తిని రెండు మూడు గంటలకొకసారి ఆర్పి, కొస కత్తిరించి మళ్లీ వెలిగిస్తాం. నీకు అక్కడ కత్తిరించేవాళ్లు ఉండరు. కాబట్టి రెండు వత్తుల మధ్య ఊగిసలాడితే సన్నదానివైపే మొగ్గు చూపు. గోడ కొంచెం మిగిలినా ఫరవాలేదు, ఆ గోడే గాలికి అడ్డం నిలుస్తుంది.

---

నల్లమల అంచు, ఆత్మకూరు – సెప్టెంబరు 12

అక్కా, పైన అన్న చెప్పిన నూలు విషయంలో నేను ఒక్క మాట కూడా కాదనలేను. కానీ మీరు వత్తులు మార్చి మార్చి చూసేముందు మైనం సంగతి చూడండి. మైనం ఎలా శుభ్రం చేశారో మీరు రాయలేదు.

మాది ఆత్మకూరు, పాత కర్నూలు జిల్లా. అడవి తేనె పిండాక మిగిలే పట్టు కొని, మైనం తీసి అమ్ముతాను. అడవిలో పెద్ద ఈగ పట్టు మైనమైనా, మీ తమ్ముడి పెట్టెల మైనమైనా ఒకటే సూత్రం. అందులో తేనె మిగిలి ఉన్నా, పుప్పొడి ఉన్నా, ఈగలు పూసే జిగురు ఉన్నా, అవి కరిగిన మైనంతో పాటు దారంలోకి ఎక్కుతాయి. మైనం మండిపోతుంది, అవి మండవు, పోగుల సందుల్లో అడ్డం పడతాయి. మంట మెల్లగా చిన్నదై మునిగిపోతుంది. చూసేవాళ్లు వత్తి సన్నమైంది అనుకుంటారు.

మీరు ఏ నీళ్లు వాడారు? బోరు నీళ్లు అయితే మానేయండి. మన సీమ బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆ నీళ్లలో మైనం కాస్తే కొంత మైనం సున్నంతో కలిసి సబ్బులాంటి తెల్లటి తెట్టు అవుతుంది. ఈ సెప్టెంబరులో వాన పడితే మిద్దె నీళ్లు పట్టుకోండి, మొదటి జల్లు వదిలేసి. అవి చాలు. ఇనుప బాండలి, రాగి, ఇత్తడి వద్దు, మైనం రంగు చెడుతుంది. స్టీలు గిన్నె మంచిది.

స్టీలు గిన్నెలో వాననీళ్లు, మైనం వేసి, ఆ గిన్నెను ఇంకో నీళ్ల గిన్నెలో పెట్టి సన్నసెగ మీద కరిగించండి. 85 డిగ్రీలు దాటితే మైనం నల్లబడుతుంది, తేనె వాసన పోతుంది. కరిగాక పాత పంచె గుడ్డలో వడగట్టి, గిన్నెకు దుప్పటి చుట్టి రాత్రంతా వదిలేయండి. మెల్లగా చల్లారాలి. గబగబా చల్లారితే మడ్డి మైనంలోనే చిక్కుకుంటుంది. మైనం నీటి కన్నా తేలిక కాబట్టి పైన బిళ్లగా తేలుతుంది. పొద్దున ఆ బిళ్ల తిరగేస్తే అడుగున గోధుమరంగు మడ్డి కనబడుతుంది, కత్తితో గీకేయండి. మడ్డి కనబడకుండా పోయేదాకా, రెండుసార్లో మూడుసార్లో ఇలా చేయండి. చివరిసారి నీళ్లు లేకుండా కరిగించి, కాసేపు కదపకుండా ఉంచి, పైది మాత్రమే అచ్చులో పోయండి. నీటి చుక్క మిగిలితే మంట చిటపటలాడుతుంది.

ఒక్క జాగ్రత్త. మైనం గిన్నెను నేరుగా మంట మీద పెట్టి పక్కకు వెళ్లకండి. ఎప్పుడైనా అంటుకుంటే నీళ్లు పోయవద్దు, మూత వేసి పొయ్యి ఆపండి. నీళ్లు పోస్తే మంట ఎగసి పైకప్పు దాకా పోతుంది. నేను కళ్లారా చూశాను.

---

పొద్దుతిరుగుడు, ప్రొద్దుటూరు – సెప్టెంబరు 12

తమ్ముడూ, బోరు నీళ్లే వాడాను. ఒక్కసారే కరిగించి, టీ వడగట్టే జల్లెడతో వడగట్టాను. కొవ్వొత్తి అడుగున రొంత గోధుమరంగు గీత కనిపిస్తే అది మైనం రంగే అనుకున్నాను. ఇప్పుడు అర్థమవుతోంది. అన్నా, మీరు చెప్పిన పేక నూలు కోసం రేపే జమ్మలమడుగు వెళ్తున్నాను. ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం.

---

మగ్గం ఇల్లు, ఎమ్మిగనూరు – సెప్టెంబరు 13

తమ్ముడు చెప్పింది నిజం, మైనం సంగతి నేనే ముందు అడగాల్సింది. అమ్మా, ఒకేసారి రెండూ మార్చవద్దు. 24 పోగుల వత్తితో ఒకటి నీ దగ్గరున్న మైనంతో పోసి, ఇంకొకటి శుభ్రం చేసిన మైనంతో పోసుకో. రెండూ పక్కపక్కన వెలిగించు. అప్పుడు తప్పు దారానిదా మైనానిదా నీకే తెలుస్తుంది.

---

పొద్దుతిరుగుడు, ప్రొద్దుటూరు – అక్టోబరు 14

ఇన్నాళ్లు రాయనందుకు క్షమించండి. వాన కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. సెప్టెంబరు చివర్లో ఒక మంచి వాన పడింది, మిద్దె గొట్టం కింద రెండు బిందెలు పట్టుకున్నాను. మైనం మూడుసార్లు శుభ్రం చేశాను. మొదటిసారి బిళ్ల తిరగేస్తే వేలెడు మందం మడ్డి! మూడోసారికి అడుగు కూడా పైభాగంలాగే పసుపుగా వచ్చింది. నాలుగు కిలోలకు మూడు కిలోల మూడు వందల గ్రాములు మిగిలింది. పోయినందుకు బాధ లేదు, పోయింది మైనం కాదని తెలిసింది.

జమ్మలమడుగులో ఒక పెద్దావిడ మగ్గం గుంతలో నుంచే చేయి చాచి ఒక చిలప పేక నూలు ఇచ్చింది. ఎందుకని అడిగింది. అమ్మా నాయన సమాధుల కోసమని చెప్పాను. డబ్బు తీసుకోలేదు.

మిద్దె మీద పరీక్షలు పెట్టాను. అన్న చెప్పినట్టు మొదట 24 పోగులవి రెండు, ఒకటి పాత మైనం, ఒకటి శుభ్రం చేసింది. పక్కపక్కన, ఒకే నిమిషంలో వెలిగించాను. పాత మైనంది రెండు గంటల్లోనే మునిగిపోయింది. శుభ్రం చేసింది రాత్రి ఒంటిగంట దాటినా వెలుగుతూనే ఉంది. అదే జడ, అదే చేయి! నేను అక్కడే కూర్చుని తమ్ముడికి ఫోన్ చేసి లేపాను, అంత ఆనందం వేసింది. కాకపోతే మంట చిన్నది, గోడ అర అంగుళం మందం మిగిలి గుంత లోతుగా పడింది. తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో అదీ మునిగింది.

తర్వాత 30 పోగులది. సాయంత్రం ఏడింటికి వెలిగించాను, పొద్దున ఐదున్నరకు నేనే ఆర్పాను. వంటింటి త్రాసులో ముందు 296 గ్రాములు, తర్వాత 232. పదిన్నర గంటలకు 64 గ్రాములు, అంటే గంటకు ఆరు గ్రాములు. గోడ చుట్టూ సన్నగా, సమంగా నిలబడింది. కొస వంగి మంట అంచుకు రావడం నా కళ్లతో చూశాను అన్నా, మీరు రాసినట్టే. 36 పోగులది మొదటి గంట చూడముచ్చటగా వెలిగింది, గాలి తగిలేసరికి పొగ మొదలైంది, అర్ధరాత్రికి ఒక పక్క గోడ తెగింది.

ఆర్డర్ పెట్టిన చదరపు వత్తులు కూడా వచ్చాయి. 1 నంబరుది దాదాపు నా 30 పోగుల జడలాగే వెలిగింది, దానికన్నా నిటారుగా నిలబడింది కూడా. 2 నంబరు నా మైనానికి ఎక్కువ. అయినా పండుగకు నా జడవే వేస్తాను.

ఇప్పుడు గాలి గురించి చెప్పండి. నవంబరులో మాకు వాన కూడా ఉంటుంది.

---

జాడీదీపం, అనంతపురం – అక్టోబరు 15

అక్కా, ఆ అంకెలు చదువుతుంటే నాకే సంతోషంగా ఉంది. గాలికి గాజు చిమ్నీ పెట్టినా కింద నుంచి గాలి లోపలికి వెళ్లే దారి ఉండాలి, లేకపోతే మంట ఊపిరాడక పొగ చేస్తుంది. మీకు సులువైనది 15 కిలోల నూనె డబ్బా. పై రేకు తీసేసి, అడుగు వైపున, లోపల పోసే ఇసుక మట్టానికి కాస్త పైన, మేకుతో చుట్టూ రంధ్రాలు పెట్టండి. లోపల రెండంగుళాల ఇసుక పోసి కొవ్వొత్తిని అందులో కొంచెం దించండి. కారినా ఇసుకలోనే ఉంటుంది. వాన అనుమానం ఉంటే డబ్బా మీద పెంకు ఒకటి, డబ్బా అంచుకు తగలకుండా మూడు రాళ్ల మీద ఎత్తుగా పెట్టండి. సమాధి చుట్టూ ఎండుగడ్డి ఉంటే ముందురోజే పీకేయండి, తెల్లవార్లూ వెలిగే నిప్పు కదా. డబ్బాతో ఒకసారి మిద్దె మీద కూడా చూసుకోండి. లోపల వేడి పెరిగి గోడ తొందరగా కరగొచ్చు.

---

పొద్దుతిరుగుడు, ప్రొద్దుటూరు – నవంబరు 4

చెల్లి చెప్పింది నిజమే. డబ్బాలో పెట్టి చూస్తే 30 పోగులది గంటకు ఎనిమిది గ్రాములు కాలింది, గోడ పల్చబడింది. అందుకే పాయకు 9 చొప్పున 27 పోగులతో మళ్లీ అల్లాను. డబ్బాలో అది సరిపోయింది.

నవంబరు 2 సాయంత్రం నాలుగు డబ్బాలు తీసుకెళ్లాం. నాయన దగ్గర రెండు, అమ్మ దగ్గర రెండు. తమ్ముడు మైదుకూరు నుంచి వచ్చాడు. ఏడు గంటలకు సన్నగా తుంపర పడింది, పెంకులు కాపాడాయి. మా పక్క సమాధుల వాళ్లు వచ్చి వాసన చూసి, ఇది ఏ కొవ్వొత్తి అని అడిగారు. తమ్ముడే చెప్పాడు, మా పెట్టెలదని.

పొద్దున ఐదున్నరకు నేనూ వాడూ మళ్లీ వెళ్లాం. ఇంకా చీకటిగానే ఉంది. గేటు దగ్గరి నుంచే కనబడ్డాయి. నాయన దగ్గర రెండూ, అమ్మ దగ్గర ఒకటి వెలుగుతున్నాయి. నాలుగోది ఆరిపోయింది. పెంకు జారి ఒక మూల డబ్బాను మూసేసింది, తప్పు వత్తిది కాదు. పెంకు సరిచేసి, కొస కత్తిరించి, పక్కదాని మంటతోనే తమ్ముడు దాన్ని మళ్లీ వెలిగించాడు. తెల్లవారేదాకా అక్కడే కూర్చున్నాం.

అన్నా, మీ చర్చికి వచ్చే ఏడు మైనం కావాలంటే చెప్పండి. మూడుసార్లు శుభ్రం చేసి, మడ్డి లేకుండా పంపిస్తాం.